వెండి స్పూనుకు జత దొరకాలంటే కాడ మీది పువ్వు ఒక్కటే చాలదు

1980 జనవరిలో అమెరికాలో ఔన్సు వెండి ధర 50 డాలర్ల దరిదాపులకు వెళ్లింది. టెక్సస్‌కు చెందిన హంట్ సోదరులు వెండిని ఎడాపెడా కొని పోగెయ్యడం దానికి పెద్ద కారణం. ఆ వేడిలో మామూలు కుటుంబాలు కూడా నానమ్మల పెళ్లినాటి స్పూన్లు, ఫోర్కులు సంచుల్లో వేసుకొచ్చి తూకానికి అమ్ముకున్నాయి. మార్చి 27న ధర కుప్పకూలింది. అప్పటికే కరిగిపోయిన సామాను మాత్రం తిరిగి రాలేదు. ఈరోజు పాత సెట్లలో ఫోర్కులు ఎనిమిదుంటే స్పూన్లు ఐదే ఉండటానికి ఇదొక కారణం. మిగతావి ఇంతకంటే చిన్న కారణాలు: వారసులు పంచుకోవడం, విందు అయ్యాక ఎంగిలి ప్లేట్లతో పాటు చెత్తబుట్టలోకి పోవడం, సింకు కింద తిండి వ్యర్థాలను నలిపే డిస్పోజల్ యంత్రంలో పడి నలిగిపోవడం.

ఆ లోటు పూడ్చడమే అక్కడ ఒక వ్యాపారమైంది. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో బాబ్ పేజ్ అనే ఆయన 1981లో మొదలుపెట్టిన రీప్లేస్‌మెంట్స్ సంస్థ, తయారీ ఆగిపోయిన డిజైన్ల పింగాణీ, గాజు, వెండి సామాను విడివిడిగా అమ్ముతుంది. ఎస్టేట్ సేల్స్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మే చోట్ల), ఆన్‌లైన్ వేలంలో వెతుక్కునేవాళ్లు సరేసరి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఈ సేల్స్ వైపు వెళ్తుంటారు, వెండి అంటే మనకున్న మోజు తెలిసిందేగా. పెట్టె తెరవగానే ఎవరైనా చేసే పని ఒకటే. కాడ మీద పువ్వు చూడటం, ఫోన్‌లో అలాంటి పువ్వు వెతకడం, దొరకగానే డబ్బు కట్టెయ్యడం. తప్పు కొనుగోళ్లు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. రెండు ముక్కలు జత అనడానికి పువ్వు కలవడం సగం మాత్రమే. వెనక ముద్ర కలవాలి, పొడవు కలవాలి, కత్తి అయితే బ్లేడు ఆకారం కూడా కలవాలి.

ముందు వెనక్కి తిప్పండి

స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది సాధారణంగా రాగి. శుద్ధమైన వెండి మరీ మెత్తన, దాంతో ఫోర్కు చేస్తే ముళ్లు వంగిపోతాయి. అమెరికాలో 19వ శతాబ్దం మధ్య దాకా ఎక్కువమంది నాణేల ప్రమాణంలో, అంటే వెయ్యికి 900 పాళ్ల వెండితో చేసేవాళ్లు. వెండి సామాను చేసే గోరమ్ కంపెనీ 1868లో స్టెర్లింగ్ ప్రమాణానికి మారింది, మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. 925 కంటే తక్కువ ఉన్నదాని మీద స్టెర్లింగ్ అని కొట్టకూడదని 1906లో కేంద్ర చట్టం వచ్చింది. కాబట్టి అమెరికా సామాను వెనక 'స్టెర్లింగ్' అన్న మాటో, 925 అంకో ఉంటే సగం టెన్షన్ తీరినట్టే.

ఆ మాట లేకపోతేనే చిక్కు. '1847 రోజర్స్ బ్రదర్స్' అన్న ముద్ర చూసి 1847 నాటి వెండి అని మురిసిపోయేవాళ్లు ఎందరో. అది తయారైన ఏడాది కాదు, బ్రాండు పేరులో భాగం. వస్తువు వెండి పూత వేసినది మాత్రమే. 'ఎ1', 'ట్రిపుల్', 'క్వాడ్రుపుల్' లాంటివి పూత మందాన్ని చెప్పే మాటలు. 'ఇ.పి.ఎన్.ఎస్.' అంటే నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. నికెల్ సిల్వర్‌కు ఇంకో పేరు మనకు బాగా తెలుసు. పెళ్లిళ్లలో, వ్రతాల్లో రిటర్న్ గిఫ్టులుగా పంచే కుంకుమ భరిణెలు, పళ్లేలు ఉంటాయే, ఆ జర్మన్ సిల్వరే ఇది. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, అందులో వెండి పాలు సున్నా. అయస్కాంతం పరీక్ష దీని దగ్గర పనికిరాదు. వెండి అయస్కాంతానికి అంటుకోదు, ఇదీ అంటుకోదు. పూత సామానును పట్టించేది అరుగుదల. స్పూను బల్లకు ఆనే చోట, ఫోర్కు ముళ్ల కొసల దగ్గర లోపలి పసుపు రంగో, బూడిద రంగో బయటపడుతుంది. స్టెర్లింగ్ ఎంత అరిగినా లోపలా అదే రంగు.

ఇంకో ఉచ్చు పూత కంపెనీలే పన్నాయి. చిన్న చిన్న చతురస్రాల్లో అక్షరాలు, కిరీటాలు, డాళ్లు వరసగా కొట్టి, దూరం నుంచి చూస్తే బ్రిటిష్ అధికారిక ముద్రలా కనిపించేట్టు చేశాయి. అసలు బ్రిటిష్ ముద్ర వరసలో ఉండాల్సింది నడిచే సింహం. 1544 నుంచి అది స్టెర్లింగ్‌కు గుర్తు. దాని పక్కన ఊరి గుర్తు ఉంటుంది: లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు 1970ల నడుమ దాకా కిరీటం, ఆ తర్వాత గులాబీ. ఆపైన ఏడాదిని చెప్పే అక్షరం, తయారీదారు పొడి అక్షరాలు. 1784 నుంచి 1890 దాకా సుంకం కట్టినట్టు రాజుదో రాణిదో తల కూడా ఉంటుంది.

ఇది చదివాక గోరమ్ స్పూను తిప్పి చూస్తే గందరగోళం తప్పదు. దాని వెనక సింహం, లంగరు, 'జి' అక్షరం ఉంటాయి. సింహం ఉంది కాబట్టి బ్రిటన్, లంగరు ఉంది కాబట్టి బర్మింగ్‌హామ్ అనుకుంటే బోర్లా పడ్డట్టే. అది రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ కంపెనీ సొంత ట్రేడ్‌మార్కు, బ్రిటిష్ పద్ధతిని చూసి ముచ్చటపడి పెట్టుకున్నది. పక్కనే 'స్టెర్లింగ్' అన్న మాట ఉంటే అనుమానం అక్కర్లేదు, బ్రిటన్ ముద్రల వరసకు ఆ మాటతో పని లేదు.

యూరప్ సామాను సంగతి వేరే. జర్మనీలో చంద్రవంక, కిరీటం, 800 అంకె కలిసి కనిపిస్తే అది వెండే గానీ స్టెర్లింగ్ కాదు. ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ల్ పేరు ఎంత గొప్పదైనా, ఆ కంపెనీ స్పూన్లలో ఎక్కువ భాగం పూత సామానే.

ఏడాది తెలిసినా డిజైన్ తెలియదు, డిజైన్ తెలిసినా ఏడాది తెలియదు

బ్రిటన్‌కూ అమెరికాకూ మధ్య ఉన్న ఈ తేడా పట్టుబడితే సగం చిక్కుముడి విడిపోతుంది. బ్రిటిష్ ముద్ర ఏ ఊరు, ఏ ఏడాది, ఎవరు చేశారు అన్నీ చెబుతుంది, డిజైన్ గురించి ఒక్క మాట చెప్పదు. ఎందుకంటే అక్కడ ఓల్డ్ ఇంగ్లిష్, ఫిడిల్, కింగ్స్ లాంటి డిజైన్లు ఎవరి సొత్తూ కావు, అందరూ చేసినవే. అందుకే బ్రిటిష్ సెట్టుకు జత వెతికేవాళ్లు డిజైన్ పేరుతో ఆగరు, అదే తయారీదారు, వీలైతే దగ్గరి ఏళ్లు చూస్తారు. కింగ్స్ డిజైన్‌లోనే గవ్వ ఆకారం, గీతల మలుపు ఒక్కో వర్క్‌షాపులో ఒక్కోలా ఉంటాయి. కొందరు డిజైన్‌ను రెండు వైపులా కొట్టారు, కొందరు ముందు వైపు మాత్రమే. పక్కపక్కన పెడితే గానీ ఈ తేడా తెలియదు, ఫొటోలో అసలే తెలియదు.

అమెరికాలో దీనికి తలకిందులు. డిజైన్ కంపెనీ సొత్తు, పేటెంటు తీసుకుని పేరు పెట్టి అమ్మింది. గోరమ్ 1895లో తెచ్చిన షాంటిలీ, రీడ్ అండ్ బార్టన్ 1907లో తెచ్చిన ఫ్రాన్సిస్ ది ఫస్ట్, వాలెస్ 1941లో తెచ్చిన గ్రాండ్ బరోక్, ఇంటర్నేషనల్ 1939లో తెచ్చిన ప్రెల్యూడ్ ఇలా వచ్చినవే. ఇవి దశాబ్దాల పాటు నడిచాయి. దాంతో 1895 డిజైన్ స్పూను 1965లో తయారైనదై ఉండొచ్చు. వెనక 'పేటెంట్ 1895' అని ఉన్నా అది డిజైన్ పుట్టిన ఏడాదే, ఆ స్పూను పుట్టిన ఏడాది కాదు. అమ్మేవాళ్లు ఈ తేదీని చూపించి 'నూట ముప్పై ఏళ్ల నాటిది' అంటే నవ్వి ఊరుకోవాలి. ఆ తేదీకి ఇంకో ఉపయోగం ఉంది. పేరు తెలియని డిజైన్‌ను ఆ ఏడాది పేటెంట్ రికార్డుల్లో వెతికితే అసలు గీసిన బొమ్మే కనిపించవచ్చు.

పేర్లను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. టిఫనీకి క్రిసాంథమమ్ ఉంది, డర్గిన్ కంపెనీకీ క్రిసాంథమమ్ ఉంది. పేరొకటే, సామాను వేరు. దీనికి ఎదురు కేసు టిఫనీలోనే ఉంది. 1871లో 'జపనీస్' అన్న పేరుతో వచ్చిన పక్షుల డిజైన్ 1956లో 'ఆడుబాన్' అయి మళ్లీ వచ్చింది. పేర్లు రెండు, డిజైన్ ఒకటి. ముద్రలు మారినా జత కుదిరే సందర్భాలూ ఉన్నాయి. డర్గిన్‌ను గోరమ్ కొనేసింది కాబట్టి ఫెయిర్‌ఫాక్స్ డిజైన్ కొన్నిచోట్ల డర్గిన్ ముద్రతో, కొన్నిచోట్ల గోరమ్ ముద్రతో దొరుకుతుంది, రెండూ అసలువే. బాల్టిమోర్‌కు చెందిన కర్క్ కంపెనీ రిపూసే, స్టీఫ్ కంపెనీ రోజ్ మాత్రం వేర్వేరు డిజైన్లు. కాడంతా ఉబ్బెత్తు పూలే కాబట్టి కళ్లు మోసపోతాయి, వెనక పేరు చదివితే రెండు సెకన్లలో తేలిపోతుంది.

పువ్వు చూసి జత కలపడం ఎందుకు నడవదో చెప్పడానికి ఫ్రాన్సిస్ ది ఫస్ట్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆ డిజైన్‌లో పండ్ల గుత్తులు 15 రకాలు, ముక్క రకాన్ని బట్టి గుత్తి మారుతుంది. అంటే ఒకే సెట్టులోని టీస్పూను, డిన్నర్ ఫోర్కు మీద వేర్వేరు పండ్లుంటాయి. తెలియనివాళ్లు రెండు సెట్లు కలిసిపోయాయని వేరుచేసి పెట్టేస్తారు. ఇదే డిజైన్‌లో సేకర్తలు పాత ముద్ర, కొత్త ముద్ర అని కూడా పట్టించుకుంటారు. గద్ద, 'ఆర్', సింహం ఉన్న పాత ముద్ర ముక్కల్లో పండ్లు లోతుగా, స్పష్టంగా ఉంటాయని వాళ్ల మాట. అందులో అర్థం ఉంది. ఈ సామానంతా ఉక్కు అచ్చుల మధ్య నొక్కి చేసేదే, ముద్రించేకొద్దీ అచ్చు అరుగుతుంది, అంచులు మొద్దుబారతాయి. రోజూ తినే బల్ల కోసమైతే ఇంత పట్టింపు అక్కర్లేదని నా అభిప్రాయం.

స్కేలు తియ్యండి

షాంటిలీ ఫోర్కు కావాలి అంటే ఏ ఫోర్కు? ఈ ప్రశ్న అడక్కుండా కొన్నవాళ్లు తర్వాత తిట్టుకుంటారు. 19వ శతాబ్దం చివరికి ఒక్కో డిజైన్‌లో వందకు పైగా రకాల ముక్కలు వచ్చాయి. సార్డిన్ ఫోర్కు, టమాటా ముక్కలు వడ్డించే వెడల్పాటి గరిట, నిమ్మకాయ చెక్కకు బుల్లి ఫోర్కు, ఐస్‌క్రీమ్‌కు ముళ్లున్న స్పూను, ఇలా ప్రతిదానికీ ఒకటి. ఈ పిచ్చిని తగ్గించడానికి వాణిజ్య శాఖ మంత్రిగా ఉన్నప్పుడు హెర్బర్ట్ హూవర్ 1920ల నడుమ పరిశ్రమతో మాట్లాడి, కొత్త డిజైన్లకు 55 రకాల పరిమితి పెట్టించాడు. 55 కూడా తక్కువేం కాదు!

మామూలు ఫోర్కులోనే మూడు సైజులు: డిన్నర్, ప్లేస్, లంచ్. కంపెనీని బట్టి కొలతలు కాస్త మారినా డిన్నర్ ఫోర్కు 7.5 అంగుళాల పైన, ప్లేస్ ఫోర్కు 7.25 దగ్గర, లంచ్ ఫోర్కు 7 లేదా అంతకు లోపు ఉంటాయి. విడిగా చూస్తే అన్నీ ఒకటే. బల్ల మీద వరసగా పెట్టినప్పుడు పావు అంగుళం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1930ల్లో ఫ్యాషనైన వియాండ్ లేదా గ్రిల్ సైజు ఇంకో తిరకాసు. కాడ బాగా పొడవు, ముళ్లు పొట్టి, బ్లేడు పొట్టి. మొత్తం పొడవు చూసి డిన్నర్ సైజు అనుకుంటే మోసపోతాం. సూప్ స్పూన్ల సంగతి చెప్పక్కర్లేదు. గుండ్రటి గుంట ఉన్నవి బుల్యాన్ 5 అంగుళాలు, క్రీమ్ సూప్ 6, గంబో 7 దగ్గరగా, కోలగుంట ఉన్న ప్లేస్ సూప్ స్పూను మళ్లీ వేరు. టీస్పూనుకు 6 అంగుళాలకు కాస్త తక్కువ, ఫైవ్ ఓ క్లాక్ టీస్పూను అంతకంటే అర అంగుళం చిన్నది.

స్కేలుతో ఇంకో లాభం ఉంది. అది అరుగుదలను కూడా బయటపెడుతుంది. 7.5 ఉండాల్సిన ఫోర్కు 7.25 వస్తే అది వేరే సైజు కానక్కర్లేదు, ముళ్లు అరిగో, అరిగాక ఎవరో రాకి సరిచేసో ఉండొచ్చు. కుడిచేతి వాటం వాళ్లు తరతరాలుగా వాడిన స్పూను గుంట ఎడమ కొస దగ్గర వాలిపోయి ఉంటుంది. మంచి స్పూను మీద బోర్లించి చూస్తే ఇట్టే తెలుస్తుంది. మార్పిడి చేసిన ముక్కలూ తిరుగుతుంటాయి. దొరకని ఐస్‌క్రీమ్ ఫోర్కుల కోసం టీస్పూన్లకు కోతలు పెట్టడం మామూలే. విక్టోరియా కాలంలో అయితే అంతకు ముందు జార్జి రాజుల కాలం నాటి (జార్జియన్) టేబుల్ స్పూన్ల గుంటలో పండ్ల బొమ్మలు ఉబ్బెత్తుగా కొట్టి, బంగారు పూత వేసి, బెర్రీ స్పూన్లని అమ్మారు. ముద్ర అసలుదే, రూపం తర్వాతిది.

ఒకే డిజైన్, ఒకే పొడవు ఉండి కూడా చేతిలో తేడా తెలిస్తే అది బరువు. పాత కంపెనీలు ఒకే టీస్పూనును పలచన, మధ్యరకం, బరువు రకాలుగా అమ్మేవి. గ్రాముల కాటా లేకుండా ఇది తేలదు.

కత్తి దగ్గరే అసలు తంటా

ఫోర్కు, స్పూను నిండా వెండే. కత్తి అలా కాదు. పిడి రెండు పలచటి వెండి చిప్పలు అతికి చేసిన బోలు గొట్టం, లోపల సిమెంటు లాంటి పదార్థమో, లక్క లాంటి జిగురో నింపుతారు, బ్లేడు వేరే లోహం. 'స్టెర్లింగ్ హ్యాండిల్' అన్న మాట అందుకే. కత్తుల్ని కూడా తూకంలో వేసి మొత్తం వెండి బరువుగా చూపించే ప్రకటనలు కనిపిస్తే జాగ్రత్తపడాలి, కత్తి బరువులో వెండి పాలు కొంచెమే. ఈ నింపుడు పదార్థమే వీటిని డిష్‌వాషర్‌లో పెట్టొద్దని చెప్పడానికి కారణం. వేడికి అది ఉబ్బితే పిడి అతుకు విచ్చుకుంటుంది, లేదా బ్లేడు ఊగుతుంది.

పిడి మీద డిజైన్ అచ్చంగా కలిసినా బ్లేడు కలవకపోతే జత కాదు. 20వ శతాబ్దం మొదట్లో కత్తులకు కొస మొద్దుగా ఉండే వెండిపూత ఉక్కు బ్లేళ్లుండేవి. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో తుప్పు పట్టని ఉక్కు చేశాక, 1920ల నుంచి స్టెయిన్‌లెస్ బ్లేళ్లు వచ్చాయి, వాటిలోనూ పైకి వంపు తిరిగిన ఫ్రెంచ్ రకం, తర్వాతి మోడర్న్ రకం అని ఆకారాలు మారాయి. ఒక డిజైన్ అరవై ఏళ్లు నడిస్తే దానికి మూడు నాలుగు రకాల బ్లేళ్లు ఉంటాయి. పిడి బాగుండి బ్లేడు పాడైతే కొత్త బ్లేడు వేయించవచ్చు, ఆ పని చేసేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు. వెన్న కత్తికి కూడా ఇదే గొడవ. ఒకే డిజైన్‌లో నిండు వెండిది ఒకటి, బోలు పిడి, స్టీలు బ్లేడుతో ఇంకొకటి ఉంటాయి.

ఇక పేర్లు. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద కొట్టించుకున్నట్టే, వాళ్లు వెండి కాడల మీద పొడి అక్షరాలు చెక్కించుకునేవాళ్లు. అమెరికాలో ఎక్కువగా ముందువైపు, యూరప్‌లో, పాత ఇంగ్లండ్‌లో ఎక్కువగా వెనకవైపు. అక్కడ ఫోర్కును ముళ్లు బల్లకు ఆనేట్టు బోర్లా పెట్టేవాళ్లు మరి. పరాయివాళ్ల అక్షరాలు ఎందుకని కొందరు చెరిపేయిస్తారు. చెరపడం అంటే ఆ చోట వెండిని అరగదీయడమే. అది తెలుసుకోవడానికి కాడ మీద నోటితో ఆవిరి ఊదాలి. ఆవిరి పట్టిన క్షణంలో పాత అక్షరాల జాడ లేచి కనిపిస్తుంది. నా మటుకు చెరిపిన ముక్క కంటే అక్షరాలున్న ముక్కే మేలు, అది సాధారణంగా చవక కూడా.

కొన్నాక అందరూ చేసే పాడుపని అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్లు. నలుపు మాయమవుతుంది, నిజమే. కానీ పూల గీతల లోతుల్లో కొంత నలుపును కంపెనీలే కావాలని పెట్టాయి, బొమ్మ తేలి కనిపించడానికి. అదీ కొట్టుకుపోతుంది. అప్పుడు కొత్తగా కొన్న రెండు స్పూన్లు తెల్లగా పాలిపోయి, మిగతా ఆరింటి పక్కన వేరే సెట్టువిలా కనిపిస్తాయి. మెత్తటి గుడ్డ, వెండికి వాడే క్రీము చాలు.

ధర విషయానికి వస్తే ముందు లోహం విలువ లెక్క కట్టుకోవాలి. 30 గ్రాముల స్టెర్లింగ్ టీస్పూనులో వెండి 27.75 గ్రాములు, అంటే 31.1 గ్రాముల ట్రాయ్ ఔన్సులో దాదాపు 0.89. ఆ రోజు ఔన్సు ధరను దాంతో గుణిస్తే కరిగించేవాడి లెక్క వస్తుంది. 2025 అక్టోబరులో వెండి 1980 నాటి రికార్డును దాటింది, కాబట్టి మామూలు టీస్పూన్లు మళ్లీ కొలిమి దారి పడతాయన్న భయం ఉత్తిదేం కాదు. వడ్డన గరిటెలు, అరుదైన ఫోర్కుల ధర మాత్రం లోహం విలువ కంటే బాగా పైనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్లను వెనక ముద్ర దగ్గర్నుంచి తీసిన ఫొటో, స్కేలు పక్కన పెట్టిన ఫొటో, గ్రాముల్లో బరువు అడగండి. కత్తులైతే బ్లేడు మొత్తం కనిపించే ఫొటో కూడా. పంపడానికి నసిగితే వదిలెయ్యండి, షాంటిలీ టీస్పూన్లు ఇంకో చోట దొరుకుతాయి.